ఎగిరే కాలు

ఏప్రిల్ 30

దండ మధ్యాహ్నానికి పూర్తయింది. దేవదారు కొమ్మలు, మధ్య మధ్య తెల్ల కాగితం పూలు. పోయినేడు దారంతో కడితే జూన్ గాలికే ఊడి పొలంలో పడింది. అందుకని ఈసారి సన్నటి ఇనప తీగతో కట్టాను. ఎండ బాగుందని వసారాలో బూట్ల పక్కన కూర్చుని కట్టాను.

సాయంత్రం ఊరి చివర సిలువ దగ్గరికి అందరం వెళ్ళాం. అందరం అంటే ఊళ్ళో మిగిలిన ఆడవాళ్ళం, మా ఆయన విటోల్డ్. రేపటినుంచి మే నెలంతా అక్కడే దేవమాత పాటలు. దండ వేయాల్సిన మేకు సిలువ నెత్తిన ఉంటుంది. ఆయన పద్నాలుగో ఏటినుంచి ఊళ్ళో ఎవరూ నిచ్చెన తేలేదు.

గెనోవేఫా పెద్దమ్మ ఎనభై దాటినా నోరు తగ్గలేదు. "ఏరా పొడుగోడా, దేవుడు నిన్ను ఇంత సాగదీసింది బంతి బుట్టలో వెయ్యడానికనుకున్నావా? ఈ మేకు కోసంరా."

"మరి ఆ మాట రీగా జట్టువాళ్ళకి ముందే చెప్పొద్దా పెద్దమ్మా? పదిహేడేళ్ళు నాకు ఊరికే జీతమిచ్చారు పాపం."

మునివేళ్ళ మీద లేచాడు. ఎడమ కాలి మీదే బరువంతా. వేలి చివరతో దండని మేకుకి తగిలించాడు. మేమంతా తలెత్తి చూశాం. ఇంటికి వచ్చి బూటు విప్పితే మేజోడు తడిగా, ఎర్రగా ఉంది. లోపల చిన్న తీగముక్క. అరికాల్లో దిగింది. ఆయనకి తెలియనే లేదు. షుగరు వచ్చినప్పటినుంచి ఆ పాదాలకి ఏమీ తెలియదు.

"నొప్పి లేదులే లూత్సీ," అన్నాడు.

మే 1

చిన్న గాటే. దారి పక్కన మొలిచే వెడల్పాటి ఆకు కడిగి కట్టాను. పాటలకి వచ్చాడు. వెనక నిలబడి గొంతు కలిపాడు.

మే 4

స్వాతంత్ర్యం పండుగని బల్లల మీద తెల్లటి గుడ్డలు పరిచాం. సూప్ వడ్డిస్తుంటే రీగా నుంచి కారు వచ్చింది. ఉల్విస్. పాత జట్టులో వాడు. ఆయనకన్నా నాలుగు వేళ్ళు పొట్టి, గుమ్మంలో వంగడం మర్చిపోయి నుదురు కొట్టుకున్నాడు.

"ఇంకా పెంచలేదా ఈ గుమ్మాన్ని?"

"పెంచితే నీలాంటివాళ్ళు తలెత్తుకుని వస్తారని."

కూర్చున్నాక చెప్పాడు. క్లబ్బువాళ్ళు ఆయన పద్నాలుగో నంబరు ఇక ఎవరికీ ఇవ్వరట. సెప్టెంబర్ 28న ఆట మొదలయ్యే ముందు జెర్సీని కప్పు దాకా లాగి అక్కడ శాశ్వతంగా వేలాడదీస్తారట. "నువ్వు మధ్యలో నిలబడాలి. అంతే పని. ఇన్నాళ్ళకి నిన్ను పరిగెత్తమనకుండా నిలబడమంటున్నారు."

విటోల్డ్ రొట్టె తుంచుతూనే ఉన్నాడు. తినలేదు. బల్ల నిండా ముక్కలు.

"ఇరవై ఏళ్ళయిందిరా. ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తుంది. నీ మోచేయి తగిలి పోయిన పన్నుకీ గుర్తుంది."

వాళ్ళు వసారాలోకి వెళ్ళాక నేను ధాన్యం కొట్టులోకి వెళ్ళి ఆయన ఆటల్లో గెలిచిన కప్పులు దులిపాను. ఒకదాంట్లో బట్టల క్లిప్పులు వేసి ఉంచాను ఇన్నేళ్ళూ. వాటిని తీసి బుట్టలో పోశాను.

మే 11

శనివారం. ఆవిరి స్నానాల గది వేడిచేశాను. గాటు మానలేదు. చుట్టూ కొంచెం వాచింది. వేడికి వాచి ఉంటుంది.

మే 19

వాపు అలాగే ఉంది. పెరగలేదు అనిపిస్తోంది.

మే 31

పాటల చివరి రోజు. ఆయన రాలేదు. ఇంటి దగ్గరినుంచి వింటానన్నాడు. గాలి ఇటే ఉంది కనక వినపడి ఉంటుంది.

గెనోవేఫా పెద్దమ్మ దారిలో ఆపింది. "వాడి కాలు చూశాను, కిటికీ దగ్గర పెట్టుకుని కూర్చుంటే. రెండు వేళ్ళు నల్లబడ్డాయి కదే."

"దెబ్బ తగిలిన రంగు పెద్దమ్మా."

"లూత్సియా, నా మొగుణ్ణి, ఇద్దరు కొడుకుల్ని నా చేతులతో కడిగి పంపాను. నాకు రంగులు చెప్పకు."

సోమవారం పట్టణానికి తీసుకువెళతాను.

జూన్ 3

సర్జన్ చిన్నపిల్ల. పాదాన్ని చాలాసేపు చూసింది. ఫోటోలు తీయించింది. తర్వాత కుర్చీ దగ్గరకి లాక్కుని, కళ్ళలోకి చూస్తూ చెప్పింది. చిటికెన వేలు, దాని పక్క వేలు, కింద కొంచెం ఎముక తీసెయ్యాలి. ఇప్పుడైతే అంతవరకే. ఆలస్యమైతే ఎక్కడ ఆగుతుందో తను చెప్పలేనంది.

"అమ్మా, ఇది ఎడమ కాలు," అన్నాడాయన.

"తెలుసండీ."

"మీకు తెలీదు. కుడిచేత్తో బంతి వేసేవాడు ఎడమ కాలి మీద లేస్తాడు. ఇది ఎగిరే కాలు. కుడిది కావాలంటే ఇప్పుడే తీసేసుకోండి, ఎలాగూ దాని మోకాలు మూడుసార్లు కోశారు."

ఆ అమ్మాయి నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆయన ఒక్కడే కొంచెం నవ్వాడు.

"కోస్తే సెప్టెంబరుకి నిలబడతానా?"

"చెప్పలేనండీ. గాయం మానాలి, మళ్ళీ నడక నేర్చుకోవాలి. తొందరపడితే మొదటికొస్తుంది."

"అయితే అక్టోబర్లో వస్తాను."

ఆయన బయటికి వెళ్ళాక నా మోచేయి పట్టుకుంది. "మీరు చెప్పండి. భార్య చెబితే వింటారు. అక్టోబరు దాకా ఆగే గాయం కాదిది." తలూపాను.

బస్సులో చెబుదామనుకున్నాను. కరెంటు స్తంభం మీద కొంగల గూడు కనిపించింది. ఆయన దాని గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు.

జూన్ 5

ఇవాళ చెప్పాలి.

జూన్ 6

చెప్పలేదు. ఆయన పాటలు పాడుకుంటూ గడ్డం గీసుకుంటున్నాడు.

జూన్ 9

ఆదివారం పూజ తర్వాత అగ్లోన దేవమాతకి మొక్కుకున్నాను. పాదం మానితే ఆగస్టు పండక్కి యాత్రికులతో నడిచి వస్తానని. మోకాళ్ళ మీద బలిపీఠం చుట్టూ తిరుగుతానని. ఇదివరకు ఆ తల్లిని ఒక్కటే అడిగాను, బిడ్డని. ఇవ్వలేదు. ఎందుకని అడగలేదు. ఇది రెండోది.

మొక్కుకున్నాక మనసు తేలికపడింది. చెప్పాల్సిన అవసరం అంతగా లేదనిపించింది.

జూన్ 23

లీగో పండుగ, నడి వేసవి రాత్రి. ఆయన తలమీద ఓక్ ఆకుల కిరీటం పెట్టాను. జున్ను, బీరు. చెరువు ఒడ్డున మంట వేశారు. ఏటా మంటమీదనుంచి అందరికన్నా ఎత్తు దూకేది ఆయనే. ఈసారి దుంగమీద కూర్చున్నాడు. ఎవరో "విటోల్డ్, రా!" అన్నారు. "నా మోకాళ్ళు రిటైరయ్యాయి," అన్నాడు. అందరూ నవ్వారు. పాదం గడ్డిలో దాచుకున్నాడు.

జూలై 7

మా చర్చివాళ్ళతో వెళ్ళి అగ్లోన ఊట నీళ్ళు రెండు డబ్బాలు తెచ్చాను. పొద్దున, సాయంత్రం ఆ నీళ్ళతో కడుగుతున్నాను. ఆ ఊటకి గంధకం వాసన ఎప్పుడూ ఉండేదే.

జూలై 12

వేళ్ళు పొడిబారాయి. పొడిబారడం మంచిదే అంటారు.

ఆయన వసారాలో నిలబడటం సాధన చేస్తున్నాడు. గోడకి ఆనుకుని, వీపు నిటారుగా. "జాతీయగీతం అంతసేపు నిలబడితే చాలు లూత్సీ," అంటాడు. నన్ను పాడమంటాడు. మెల్లగా పాడతాను. రెండో చరణానికి ఆయన నుదుటి మీద చెమట పడుతుంది.

దేశానికి స్వాతంత్ర్యం వచ్చి, మన జెండా కింద మొదటిసారి ఆడినప్పుడు ఆయనకి ముప్ఫై దగ్గర పడింది. అంతకుముందు ఎవరెవరి జెండాల కిందో ఆడాడు, గెలిచాడు కూడా. ఆ రోజు మా అత్తగారిని రీగా తీసుకువెళ్ళాను. జపమాల పట్టుకుని కూర్చుంది. గీతం మొదలవగానే అంత పొడుగు మనిషీ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్తగారు ఆట మొత్తం చూసి, "అంత కష్టపడి లాక్కుంటారు, మళ్ళీ విసిరేస్తారు. ఉంచుకోరెందుకే?" అంది. విటోల్డ్ ఆ మాట చెప్పి ఇప్పటికీ నవ్విస్తాడు.

తర్వాత పోలండ్, జర్మనీ. తర్వాత మోకాళ్ళు. తర్వాత పట్టణం బడిలో పిల్లలకి నేర్పాడు. పిల్లలు తగ్గి బడి మూసేశారు. ఇప్పుడు చలికాలంలో చర్చి ఇంటి పొయ్యి చూస్తాడు. కట్టెలు వేసి, బూడిద తీస్తాడు. ఎన్నడూ ఇది తక్కువ పని అనలేదు. ఒక్కసారి మాత్రం, నా చేతికి బూడిద బకెట్టు ఇస్తూ, "ఒకప్పుడు నా చేతిలోంచి ఏదన్నా తీసుకోవడానికి ఐదుగురు కావాల్సొచ్చేది," అన్నాడు.

జూలై 21

వాసన బాగా ఉంది. ఊట నీళ్ళదే.

జూలై 22

ఇవాళ ఊట నీళ్ళు వాడలేదు. అయిపోయాయి.

ఆగస్టు 2

సర్జన్ ఫోన్ చేసింది. నేనే తీశాను. "ఎలా ఉంది?" అంది. "పొడిగా ఉందండీ," అన్నాను. "పొడిగా అంటే ఏ రంగు?" అంది. పొయ్యి మీద పాలు ఉన్నాయని చెప్పి పెట్టేశాను. పాలు నిజంగానే ఉన్నాయి. పొయ్యి మీద కాదు.

ఆగస్టు 11

రేపు యాత్రికులతో బయలుదేరాలి. వెళ్ళనన్నాను.

"మొక్కు నీదా నాదా?" అన్నాడు.

"నీ కాలిది."

"అయితే నా కాలు చెబుతోంది, వెళ్ళు. నువ్వు నడిస్తే నేను నడిచినట్టే. పెద్దమ్మ సూప్ తెస్తుంది. నాలుగు రోజులు. నేనేం పసివాణ్ణా?"

కొంచెం జ్వరం ఉన్నట్టుంది. చేయి వేసి చూడబోతే పక్కకి జరిగాడు. "ఎండ," అన్నాడు.

ఆగస్టు 23

ఇన్ని రోజులూ రాయలేదు. కూర్చుని రాయడానికి ఇప్పుడు ఆసుపత్రి వరండాలో బల్ల దొరికింది.

నడిచాను. బాగానే నడిచాను. పొలాల మధ్య, అడవి మధ్య, పాడుకుంటూ. రాత్రుళ్ళు గడ్డి కొట్టాల్లో పడుకున్నాం. పండుగ రోజు మోకాళ్ళ మీద బలిపీఠం చుట్టూ తిరిగాను. లేచేటప్పుడు నా మనసులో అనుమానమే లేదు. మానిపోయి ఉంటుందని అనుకున్నాను. అనుకున్నాను కాదు, నాకు తెలుసు. బస్సులో ఇంటికి వస్తూ, ఆయన గుమ్మంలో నిలబడి ఉంటాడని, ఎప్పట్లాగే పై చట్రం పట్టుకుని వంగి చూస్తాడని, ఆ చిత్రం అంత స్పష్టంగా కనిపించింది.

గుమ్మంలో గెనోవేఫా పెద్దమ్మ ఉంది.

"మూడు రోజులు తలుపు తియ్యలేదే. గిన్నె కిటికీలోంచి తీసుకున్నాడు. నేను సణుగుతూ ఉంటే, 'ఫోన్ చేశావంటే నీతో మాట్లాడను పెద్దమ్మా, అది మొక్కు మధ్యలో ఆపేస్తుంది, పాపం' అన్నాడు. ఇవాళ పొద్దున కిటికీ దగ్గరికి రాలేదు. ఇప్పుడే తలుపు పగలగొట్టించాను. అంబులెన్స్ వస్తోంది."

లోపల ఎండలా మండుతున్నాడు. నన్ను చూసి నవ్వాడు. "తిరిగావా చుట్టూ?"

"తిరిగాను."

"మోకాళ్ళ మీద?"

"ఊఁ."

"నొప్పిగా ఉన్నాయా? చూశావా, మోకాళ్ళంటే ఏంటో."

స్ట్రెచర్ పొట్టిదైంది. పాదాలు చివరకి వేలాడాయి. దుప్పటి కప్పాను. దుప్పటి కూడా చాలలేదు. ఏ ఊళ్ళోనూ, ఏ దేశంలోనూ ఆయనకి సరిపోయే మంచం లేదు.

ఆసుపత్రిలో అదే అమ్మాయి. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. ఆయనకి అప్పటికే స్పృహ పోయింది కనక నన్నే అడిగింది. మోకాలి పైదాకా. లేదంటే తెల్లవారేసరికి మనిషే ఉండడు.

"తీయండి," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. నర్సు వెనక్కి తిరిగి చూసింది.

మూడో రోజు కళ్ళు తెరిచాడు. చాలాసేపు కప్పుకేసి చూశాడు.

"ఎక్కడిదాకా?"

నోటితో చెప్పలేక నా తొడమీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపించాను.

తలూపాడు. "ఇప్పుడు నా ఎత్తు ఎంతని రాస్తారో," అన్నాడు.

తర్వాత గోడవైపు తిరిగాడు. భుజాలు కదులుతున్నాయి. నేను జపమాల తీశాను, మళ్ళీ సంచిలో పెట్టేశాను. ఆయన వీపుమీద చెయ్యి వేసి కూర్చున్నాను.

ఆగస్టు 30

ఫాదర్ వచ్చారు. మొక్కు ఊరికే పోదు అన్నారు, ప్రాణం దక్కింది కదా అన్నారు. అవునండీ అన్నాను.

నేను అడిగింది పాదం.

సెప్టెంబర్ 14

ఇంటికి వచ్చాం. చక్రాల కుర్చీ గుమ్మంలో దూరుతుంది. తల వంచాల్సిన పని లేదు. ఆ సంగతి ఇద్దరం ఒకేసారి గమనించాం.

రీగాకి వెళ్ళనంటున్నాడు.

సెప్టెంబర్ 20

ఉల్విస్ వచ్చాడు. "నువ్వు రాకపోతే నేనే పద్నాలుగు వేసుకుని నిలబడతాను. జనం మోసపోరు, నేను అందంగా ఉంటాను."

"పోరా."

"ఒరేయ్ విటోల్డ్, వాళ్ళు పైకి లాగేది నీ కాలుని కాదు."

నేను వెళ్ళి నల్ల కోటు బయటికి తీసి గాలికి వేశాను. ప్యాంటు ఎడమ కాలు ఎక్కడ మడవాలో చూసి సూదులు గుచ్చాను. ఆయన చూస్తూ కూర్చున్నాడు. వద్దనలేదు.

సెప్టెంబర్ 29

నిన్నటిది రాయాలి.

హాలు నిండిపోయింది. అంతమంది ఆయన్ని గుర్తుపెట్టుకున్నారని నాకు తెలియదు. నెరిసిన తలలవాళ్ళు పేరు పెట్టి అరిచారు. ఉల్విస్ కుర్చీని మధ్యదాకా నడిపించాడు, నేను పక్కన. పాత జట్టంతా వచ్చింది, ఒక్కొక్కరూ వంగి కావలించుకున్నారు. ఆయన ముఖంలో పాత వెలుగు వచ్చింది. నిజంగా వచ్చింది, నేను చూశాను.

తర్వాత మైకులో, "అందరూ లేచి నిలబడండి," అన్నారు. గీతం మొదలైంది. దీపాలు తగ్గించి, జెర్సీ మీద మాత్రం వెలుగు వేశారు. మాకు ఎదురుగా ఉన్న గోడ పక్కన దాన్ని పైకి లాగుతున్నారట. జట్టువాళ్ళంతా అటు తిరిగారు. తిరిగి, బాగా కనిపించాలని రెండడుగులు ముందుకు వేశారు. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళ జీవితంలో ఎప్పుడూ ఆయనకి అడ్డు వచ్చామేమో అని చూసుకోవాల్సిన అవసరం రాలేదు.

ఆయన ముందు వీపులు. ఒకదాని పక్కన ఒకటి గోడలాగా, నల్ల కోట్లు. యాభై ఆరేళ్ళూ ఎక్కడ నిలబడినా అందరి తలల పైనుంచి చూసినవాడు. మెడ సాగదీశాడు. కుర్చీ చేతులమీద అరచేతులు ఆనించి లేవబోయాడు. లేవలేడు కదా. మళ్ళీ కూర్చున్నాడు.

నా చెయ్యి లాగాడు. "లూత్సీ. పైకి వెళ్ళిందా?"

నేను ఆయన భుజందాకా వచ్చే మనిషిని. ఆ వీపులు తప్ప నాకేమీ కనిపించలేదు.

"వెళ్ళింది," అన్నాను.

"కప్పుదాకా?"

"కప్పుదాకా. కొంచెం ఊగుతోంది. ఇప్పుడు ఆగింది."

కళ్ళు మూసుకుని, రెండో చరణం పూర్తయ్యేదాకా పాడాడు.

తిరిగి వస్తూ కారులో నిద్రపోయాడు. ఈ అబద్ధం ఫాదర్‌కి చెప్పుకోవాలా అని ఆలోచించాను. చెప్పుకోను.

నవంబర్ 17

మంచు పడింది. చర్చి ఇంటి పొయ్యి పని నాకిచ్చారు. బూడిద బకెట్టు బరువుగానే ఉంటుంది.

ఫిబ్రవరి 2

కొవ్వొత్తుల పండుగ. ఆయన రాలేదు. కొవ్వొత్తి తెచ్చి కిటికీలో పెట్టాను. తీసేసిన కాలు రాత్రి దురద పెడుతోందట. "పాదం అడుగున," అన్నాడు. "ఇన్నేళ్ళూ ఏమీ తెలిసేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది."

లేని చోట దుప్పటి మీద గోకాను. "కొంచెం కిందికి," అన్నాడు. కిందికి గోకాను. "ఆఁ, అక్కడ."

ఏప్రిల్ 30

దండ లోపల వంటగదిలో కూర్చుని కట్టాను. నార దారంతో.

ఆయన వస్తానంటాడని అనుకోలేదు. వస్తానన్నాడు. బురదలో కుర్చీ చక్రాలు దిగబడ్డాయి. ముగ్గురం తోశాం. "ఏరా, ఒళ్ళు తగ్గించొచ్చుగా," అంది గెనోవేఫా పెద్దమ్మ. "ఒక కాలు తగ్గించాను, చాలదా?" అన్నాడు. పెద్దమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. తర్వాత నవ్వింది. అందరం నవ్వాం.

సిలువ కింద నిలబడ్డాక ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. దండ నా చేతిలో ఉంది. పెద్దమ్మే అంది, "నిచ్చెన తెప్పించనా?"

"ఎందుకు పెద్దమ్మా," అన్నాడు.

దండ నా చేతిలోంచి తీసుకున్నాడు. కుర్చీని దగ్గరికి జరపమన్నాడు. కూర్చునే చెయ్యి చాచాడు. సరిగ్గా సిలువ మీది క్రీస్తు విగ్రహం పాదాల దగ్గరికి అందింది. అక్కడ రెండు పాదాలనీ కలిపి కొట్టిన మేకు కొంచెం బయటికి ఉంటుంది. ఇన్నేళ్ళూ పైకే చూశాం, దాన్ని ఎవరం పట్టించుకోలేదు. దండ దానికి తగిలించాడు. చెయ్యి వెంటనే తియ్యలేదు. బొటనవేలితో ఆ పాదాల్ని ఒకసారి తుడిచాడు, దుమ్ము పట్టినట్టు.

పెద్దమ్మ మొదటి పాట ఎత్తుకుంది. నేను పాడాలని నోరు తెరిచి, తలెత్తి చూశాను.

పోయినేటి దండ నెత్తిన మేకుకే ఉంది. ఏటా ఆయనే దించేవాడు, ఈసారి దించడానికి ఎవరికీ అందదు. ఆకులన్నీ రాలిపోయాయి. కాగితం పూలు వానకి కరిగిపోయాయి. తీగ మాత్రం ఊడలేదు.